వాన తీగ, ఇంటి తీగ

పొద్దున్నే స్విచ్చి వేయగానే నా కుట్టుమిషను పక్కనున్న పాత కంప్యూటరు డబ్బా ఒకసారి దగ్గుతుంది. తర్వాత గుర్రుమంటూ నడవడం మొదలుపెడుతుంది. కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, సులోచనక్క నా వెనక నిలబడి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టే ఉంటుంది నాకు.

మీరు అక్కను చూడలేదు కదా, చెబుతాను. జడ్చర్లలో మా పక్కిల్లు ఆమెది. కాలేజీ కంప్యూటర్ల గదిలో అటెండరుగా పనిచేసి రిటైరైంది. ఊడ్చడం, తుడవడం, తాళం వేయడం ఆమె ఉద్యోగం. కానీ సార్లు మిషన్లు విప్పుతుంటే చీపురు పట్టుకుని చూస్తూ నిలబడి, నిలబడి, చివరికి సార్లే ఆమెను పిలిచేదాకా వచ్చింది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. జాకెట్లు కుడతాను. ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని.

మా గల్లీలో మిద్దె ఎక్కితే తప్ప ఫోనుకు సిగ్నలు దొరకదు. అందుకని అక్కా మేమూ కలిసి ఒక నెట్టు కనెక్షను పెట్టించుకున్నాం. దానితో వచ్చిన వైఫై డబ్బాలో నెట్టు మాటిమాటికీ ఆగిపోయేది. ఒకరోజు అక్క తన పాత కంప్యూటరును చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది.

"భాగ్యా, జర జాగా చెయ్యే. గీ డబ్బాతోని అయితలేదు. మనమే నెట్టు పంచే రౌటరు చేసుకుందాం."

"గదెట్లక్కా? అది కొనేది గాని చేసుకునేదా?"

"ఏం, పెరుగు కొంటున్నవా, తోడేసుకుంటున్నవా?"

జేబులో వేసుకునేంత పెన్‌డ్రైవు చూపించింది. అందులో ఉన్నది, కంప్యూటరును రౌటరుగా మార్చే సాఫ్ట్‌వేరట. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, ఎవరైనా తీసుకోండని, తెలిస్తే బాగుచేయండని ఊరికే వదిలేశారట. నాకు నమ్మకం కుదరలేదు. "ఊరికెందుకిస్తరక్కా?" అన్నాను. "తోడుకని గిన్నె పట్టుకొస్తే నువ్వు లేదంటవా? ఇస్తే నీ పెరుగు తక్కువైతదా?" అంది. అంతే, నాకు అర్థమైపోయింది.

కంప్యూటరుకు నెట్టు తీగ పెట్టే రంధ్రం ఒకటే ఉంది. రౌటరుకు రెండు కావాలి. అక్క ఒక కార్డు తెచ్చి, డబ్బా మూత విప్పి, దాన్ని నా చేతే లోపల నొక్కించింది. "నీ చేతులు సూది ఎక్కించే చేతులే, భయమెందుకు?" అంది. పెన్‌డ్రైవులోని సాఫ్ట్‌వేరు ఎక్కించాక చెప్పింది. "గీ కార్డుది వ్యాన్, బయటి నెట్టు దీంట్లకే వస్తది. గా పాతది ల్యాన్, ఇంట్లకు పోయేది."

నాకు వ్యాన్ వానలాగే వినిపించింది. "వాన దీంట్లకెల్లి వస్తదా?" అన్నాను. అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అవునే, వాననే. బయట పడుతది, మనం ఇంట్లకు మలుపుకుంటం" అంది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావని వాన రంధ్రం పైన కుంకుమ బొట్టు, ఇంటి రంధ్రం పైన పసుపు బొట్టు పెట్టించింది. పాత వైఫై డబ్బాకు నెట్టును గాలిలో పంచే పని ఒక్కటే మిగిలింది.

ఆ రౌటరు మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందంటే, టీవీకి కప్పినట్టే దానికీ అల్లిక గుడ్డ కప్పాను. మధ్యాహ్నానికి వేడెక్కి ఆగిపోయింది. అక్క గుడ్డ తీసి నా భుజాన వేసి, "దీనికి ముసుగేస్తివేందే? పెండ్లిపిల్లనా? ఊపిరాడనియ్యి!" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ ఏడు దసరా వచ్చింది. అక్క పండుగకు నార్కట్‌పల్లిలోని చెల్లెలింటికి వెళ్లింది. ఆయుధ పూజకని నేను కుట్టుమిషనుతో పాటే రౌటరునూ, తీగలు పీకి, తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచాను. కొత్తగా అంతటా పసుపు కుంకుమలు అద్ది, తీగలు మళ్లీ పెట్టాను. పాత బొట్లు దుమ్ముతో పాటే పోయిన సంగతి నాకు తట్టలేదు.

పదిన్నరకు మా అమ్మాయి స్రవంతి గదిలోంచి అరిచింది. పండుగ రోజైనా పదకొండుకు దానికి మందుల కంపెనీ వాళ్ల వీడియో ఇంటర్వ్యూ. డిగ్రీ అయ్యాక రెండేళ్లకు వచ్చిన మొదటి పిలుపు.

"అమ్మా, నెట్టు లేదు! ఏం ముట్టినవే?"

"ఏం ముట్టలే బిడ్డా. బొట్టు పెట్టిన, గంతే."

"మిషనుకు బొట్టేందే!" దాని కళ్లలో నీళ్లు. ఫోను పట్టుకుని మిద్దెకు ఉరికి అక్కకు కలిపాను. ఏడుపు గొంతుతో అంతా చెప్పాను. అక్క తాపీగా అడిగింది.

"ఏడ్వకు. ఒక్కటే చెప్పు. వాన ఏడ పడుతది?"

"బయట."

"నువ్విప్పుడు ఏడ పోసినవ్?"

ఆ కార్డును నొక్కిన రోజు నా వేళ్లకు గుర్తొచ్చింది. "కార్డుది వాన. పాతది ఇల్లు. అక్కా, ఉల్టా పెట్టిన!" ఫోను పెట్టేయకుండానే కిందికి ఉరికాను. గోడ మీద నెట్టు కంపెనీ వాళ్లు పెట్టిన డబ్బా నుంచి వచ్చే తీగను చేత్తో తడుముకుంటూ వచ్చి, దాని కొసను కార్డులో పెట్టాను. వైఫై డబ్బా తీగను పాత రంధ్రంలో పెట్టాను. టక్కుమంది. ఆకుపచ్చ దీపం మినుకుమంది. "వచ్చిందే అమ్మా!" అని స్రవంతి తలుపేసుకుంది. ఇంకా ఏడు నిమిషాలుంది. అప్పుడు గానీ, కిందికి దిగగానే సిగ్నలు పోయి ఫోను తెగిపోయిన సంగతి గుర్తు రాలేదు. మిద్దె ఎక్కి మళ్లీ చేస్తే అక్క, "నేను చెప్పింది ఏముందే? నువ్వే చేసినవ్" అంది. ఆ మాటకు నేనెన్నాళ్లు మురిసిపోయానో!

స్రవంతికి ఉద్యోగం వచ్చింది. అక్క ఇప్పుడు నార్కట్‌పల్లిలోనే ఉండిపోయింది. వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి వెళ్లింది.

పోయిన నెల వెనకింటి కోడలు రౌటరు చేసిపెట్టమని పాత కంప్యూటరొకటి మోసుకొచ్చింది. పెన్‌డ్రైవు పెట్టాక తెర మీద ఇంగ్లీషులో వచ్చిందల్లా ఆమె చదివి చెప్పింది, కార్డు నేను నొక్కాను. చివర తీగలు పట్టుకుని, "అత్తా, ఏది దేంట్ల పెట్టాలె?" అని అడిగింది.

నేను కుంకుమ భరిణె మూత తీసి, "ముందుగాల నువ్వు చెప్పు పిల్లా, వాన ఏడ పడుతది?" అన్నాను.