ఎవరి నీళ్లు వాళ్లే

మా ఊరి మీదుగా లోయలోకి దిగేవాళ్లు ముందు వెర్డా గుమ్మం తొక్కాల్సిందే. సంచులు తనిఖీ చెయ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా కారు షెడ్డులో పట్టా పరిపించి, సంచుల్లో ఉన్నవన్నీ బయట పెట్టించేది.

"ఈ దిండెందుకయ్యా? అత్తారింటికి వెళ్తున్నావా?" అని పక్కకి విసిరేది. మిగిలినవి మళ్లీ సర్దించి, వేటమాంసం తూచే కాటాకి సంచీ తగిలించేది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ దగ్గర బేరాల్లేవు. ఎవరి నీళ్లు వాళ్లే మొయ్యాలి, మొయ్యలేనివాళ్లు దిగకూడదు. కింద ఊటలు ఏ ఏడు ఎండుతాయో ఎవరికీ తెలీదు. ఇద్దరి నీళ్లు మోసేవాడు జారిపడితే ఇద్దరికీ గొంతు తడవదు.

మొగుడు క్లిఫర్డ్‌కి నడుం పట్టేసిన ఏడాది ఆయన్ని కూడా లోయ అంచు మీదే వదిలేసి దిగింది. ఆయన మళ్లీ లోయ మొహం చూడకుండానే పోయాడు. రాతిగుండె మనిషని ఊరంతా అంది. పక్కింటిదాన్ని, నేనూ అన్నాను.

ఈ అక్టోబరుకి వెర్డాకి డెబ్బై దాటాయి. మోకాలు వాచి ఉంది. అయినా తమ్ముడు లావెల్‌తో దిగి తీరతానంది. "ఏడాదికోసారి లోయ అడుగున పడుకోకపోతే నేను బతికున్నట్టే ఉండదు" అంది. ఎండబెట్టిన పీచు పళ్లు, గొడ్డుమాంసం వరుగులు, తాడు, గుంట తవ్వుకునే చిన్న పార, అన్నీ తనే సర్దింది. నీళ్ల సీసాలు ఎప్పట్లాగే సంచీ అడుగున పెట్టింది.

తెల్లారి వాళ్లని అంచు దాకా దింపడానికి నా బండి తీసుకెళ్లాను. షెడ్డులో పట్టా మీంచి వెర్డా తన సంచీ ఎత్తింది. తేలిగ్గా లేచొచ్చింది.

"చూశావా, ఒంట్లో సత్తువ ఇంకా చావలేదు!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ సంతోషమేసింది. రెండడుగులేసి ఆగిపోయింది. సంచీ దించి లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"లావెల్, నీ సంచీ విప్పు."

"ఎండెక్కుతోందక్కా, పద."

"విప్పరా."

విప్పాడు. ఆవిడ సీసాలు రెండు అందులో ఉన్నాయి.

"తీశాను. అయితే ఏంటంట?" అన్నాడు లావెల్. "నేను మోస్తే నీ సొమ్మేం పోయింది? నువ్వు లేకుండా నేనొక్కణ్నీ దిగి ఆ రాళ్లతో కబుర్లాడనా?"

తిట్ల వర్షం కురుస్తుందనుకున్నాను. వెర్డా పట్టా మీద కూలబడింది.

"క్లిఫర్డ్ కూడా రెండు సీసాలేరా మొయ్యమన్నాడు. ఇవాళ నీ భుజం మీద నా నీళ్లు దిగొచ్చంటే, ఆ రోజు ఆయనవి నేనెందుకు మొయ్యలేదు?"

ఆవిడ మొహం తుడుచుకుంది.

"మోసుండాల్సిందిరా" అంది.

లావెల్ సీసాలు బయటికి తియ్యబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచు, నువ్వే మొయ్యి" అంది.