వరుసలో మొదటి క్యాన్

నేను ఒక ఆడమనిషిని దొంగను చేశాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి కడుపులో పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను, జీతం పెరిగినప్పుడు ఆఫీసులో మిఠాయిలు పంచాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే, పోనీలే, కావాలని చేశావా అంటారు. ఆ మాట తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. మొదట కావాలని చేయలేదేమో. తరువాత కావాలనే చేశాను.

మాది కర్ణాటకలో చింతామణి పక్క పల్లె. అమ్మ డైరీకి పాలు పోసి నన్ను ఇంజనీరింగ్ చదివించింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. పల్లెల్లో ఉండే పాల డైరీలకు పాలు పరీక్షించే మిషన్లు చేసేవాళ్ళం. కొంచెం పాలు పెడితే వెన్న ఎంతుందో, నీళ్ళు కలిశాయో లేదో అది చెబుతుంది. అందులో నడిచే ప్రోగ్రాముల కోసం మా కంపెనీ సొంతంగా ఒక చిన్న భాష తయారుచేసుకుంది. ఆ భాషను నడిపించే అడుగు భాగాన్ని రన్‌టైమ్ అంటారు. అది నేను రాశాను. ఒక్కణ్ణే రాశాను. అప్పుడు నాకున్న గర్వం ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో చెప్పాలి. దాన్ని దాటేస్తే ఇదీ ఇంకో అబద్ధమే అవుతుంది.

లెక్క చేస్తున్నంతసేపూ ప్రాసెసర్ కొన్ని అంకెలను చేతిలో పట్టుకుని ఉంటుంది. అలా పట్టుకునే చోట్లే రిజిస్టర్లు. మధ్యలో ఏదో అడ్డం వస్తుంది, పాలను కొలిచే సెన్సర్ పలకలేదనుకోండి, అప్పుడు ప్రోగ్రాము చేస్తున్న పని అక్కడే వదిలేసి, ఆ పొరపాటును సర్దే చోటికి దూకుతుంది. దూకాక చేతిలో పాత అంకెలే ఉండాలి. వాటిని ముందుగా దాచి, తరువాత ఎక్కడివి అక్కడ పెట్టడం నా రాత చేయాల్సిన పని. పూర్ణాంకాల రిజిస్టర్లను దాచాను. దశాంశాలవి దాచలేదు. మరిచిపోయానా? లేదు. తరువాత చూద్దాంలే అనుకున్నాను. పరీక్షల్లో అన్నీ సరిగ్గానే వచ్చాయి, ఎందుకంటే అప్పటికి ఆ రిజిస్టర్లలో ముఖ్యమైనదేదీ ఉండేది కాదు. మిషన్ ఇంకా వేగంగా నడవాలని మా రాతను ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌లో సెట్టింగు మార్చాం. దాంతో పాలను కొలవడానికి వాడే దశాంశం ఒకటి వచ్చి నేను దాచకుండా వదిలేసిన చోటే కూర్చుంది. నేను మళ్ళీ తొంగి చూడలేదు.

బాగేపల్లి తాలూకాలో ఒక ఊరి డైరీ నుంచి కంపెనీకి ఫోన్ వచ్చింది. ఒకామె పాలల్లో మిషన్ రోజూ నీళ్ళు చూపిస్తోంది, ఆమేమో మిషనే తప్పంటోంది, ఎవరైనా వచ్చి చూడండి అని. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చినవాణ్ణని నన్ను పంపారు. ఆమెను ఇక్కడ రత్నమ్మ అంటాను. అసలు పేరు అది కాదు.

మంచి ఎండవేళ చేరాను. డైరీ సెక్రెటరీ మిషన్ ఆన్ చేసి ఇచ్చాడు. రకరకాల పాలు పెట్టి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సాయంత్రం పాలు పోసే వరుస మొదలైంది. వరుసలో మొదటి క్యాన్ రత్నమ్మదే. పొద్దునా అంతేనట. పాలు పోసేసి పరుగున పట్టుపురుగులకు వేసే రేష్మాకు కోసే కూలికి పోవాలి కాబట్టి అందరికంటే ముందు వస్తుంది. మిషన్ ఆమె పాలు మంచివంది.

వెనక ఎవరో నవ్వారు. "చూస్తిరా, ఇంజనీరు వచ్చినాడని ఈ పొద్దు నీళ్ళు పోయకుండా తెచ్చినాది!"

వరుస వరుసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఈ మిషన్ చేసింది నువ్వేనంట కదా?"

"నేనేనమ్మా."

"నేను నీళ్ళు కలపల్యా అప్పా. సాయంత్రం పోస్తే బాగుండాయంటాది, పొద్దున పోస్తే నీళ్ళంటాది. ఇదే ఆవు, ఇదే క్యాన్. రేప్పొద్దున దాకా ఉండి నువ్వే చూడప్పా. మా ఇంట్లోనే ముద్ద తిని పడుకుందువు."

నాకు బెంగళూరు బస్సు పోతుందేమోనని దిగులు. అంతకు మించి, నేను రాసినదాన్ని ఒక పాలామె తప్పుపట్టడమేమిటని లోపల చిరాకు. అందరూ వింటుండగా అన్నాను: "మిషన్ అబద్ధం చెప్పదమ్మా."

ఆమె క్యాన్ తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు తెలియదా ఆ వరుస అంటే ఏమిటో? అలాంటి వరుసలోనే అమ్మ చెంగు పట్టుకుని నిలబడ్డాను కదా. పాలల్లో నీళ్ళు కలిపిందంటే ఆ మాట ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందని తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె అన్న ‘పొద్దున’ అనే మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది. కొన్నాళ్ళకు ఆఫీసులో ఒక మిషన్‌ను ఐసు పెట్టిన పెట్టెలో ఉంచి, చల్లబడ్డాక ఆన్ చేసి, కొనుక్కొచ్చిన మంచి పాలు పెట్టాను. నీళ్ళంది. అవే పాలు మళ్ళీ పెట్టాను. మంచివంది. చలికి సెన్సర్ మొదటిసారి పలకడం లేదు. ప్రోగ్రాము పొరపాటును సర్దే చోటికి దూకుతోంది. దూకాక చేతిలో వేరే అంకె ఉంటోంది. ఆ తప్పు అంకెతో కొలిచినవి నీళ్ళ పాలవుతున్నాయి. రెండోసారికి అంకెను కొత్తగా తీసుకుంటుంది కాబట్టి అంతా సరిపోతోంది. అంటే పొద్దుటి చలిలో అందరికంటే ముందు వచ్చినవాళ్ళే దొంగలు. కోడ్ తెరవకముందే తప్పు ఏ చోట ఉందో నాకు తెలిసిపోయింది.

యజమానికి చెప్పాను. "సరిచేసి వచ్చే వెర్షన్‌లో కలిపెయ్. డైరీలకేమీ చెప్పొద్దు. ఒక్క ఊళ్ళో తప్పంటే అన్ని ఊళ్ళూ తప్పంటాయి" అన్నాడు. చాలా కాలం ఆయన మీద కోపం పెంచుకున్నాను. ఆ కోపం నాకు హాయిగా ఉండేది. కానీ ఆయన నా నోరు మూయలేదు. సెక్రెటరీ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. నొక్కలేదు. నా పేరు పోతుందని నొక్కలేదు. ఇంకే కారణమూ లేదు.

సరిచేయడానికి ఒక పూట కూడా పట్టలేదు.

కొత్త వెర్షన్ ఊళ్ళకు చేరాక సెక్రెటరీయే ఫోన్ చేశాడు, సంతోషంగా. "సార్, మీరొచ్చి పోయినాక రత్నమ్మ దారికొచ్చినాది సార్. ఆమె పాలు నిలిపేస్తిమి. గతిలేక అందరి ముందర ఒప్పుకున్యాది, నీళ్ళు కలిపినాను, ఇంకమీద కలపనని. మళ్ళా పోయించుకుంటాండాం. ఇప్పుడు పొద్దున పాలు గూడా బాగుండాయి."

నేను సరిచేసినదే ఆమె మీద సాక్ష్యమైంది. పట్టుకున్నాక బుద్ధి వచ్చిందని ఊరు తేల్చుకుంది. చేయని తప్పును ఆమె నలుగురి ముందు నిలబడి ఒప్పుకుంది. చేసినవాణ్ణి నేను ఫోన్ పట్టుకుని ఏమన్నానో తెలుసా? "సంతోషమప్పా" అన్నాను.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో ఉంటున్నాను. ఈ మధ్య ఇక్కడి బస్‌స్టాండులో ఆ సెక్రెటరీ కనిపించి పలకరించాడు. ముసలివాడైపోయాడు. రత్నమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఎవరు, నీళ్ళ రత్నమ్మా?" అని నవ్వాడు. "ఊర్లో అట్లే పిలుస్తారు సార్. ఇప్పుడు కోడలు తెస్తాది పాలు. ఆ పిల్లనీ నీళ్ళ రత్నమ్మ కోడలనే అంటారు."

అక్కడే చెప్పేశాను. గుడిబండె, బాగేపల్లి అని కండక్టర్లు అరుస్తుంటే వాళ్ళను మించి గొంతు పెంచి, తప్పు మిషన్‌ది, మిషన్‌లో తప్పు నాది, ఆమె ఏ పాపమూ ఎరగదని చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. నా భుజం తట్టాడు.

"మీరు మంచోళ్ళు సార్, పాపమని ఆమెను వెనకేసుకొస్తాండారు. ఆమే ఒప్పుకున్యాది కదా సార్."

బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. ఎవరి మీద కోపం? అతని మీదా? అతనికి ఆ జవాబు చేతికిచ్చింది నేనే కదా.

ఆమె దగ్గరికే పోవచ్చుగా అని మీరడుగుతారు. ఒకసారి బాగేపల్లిలో దిగాను. ఆ ఊరి బస్సు నా ముందే నిలబడింది. ఎక్కలేదు. తిడుతుందని కాదు. తిట్టకుండా, పోనీలేప్పా అని కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తుందేమోనని. అది తాగి ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోతానేమోనని. నా మీద నాకు ఆపాటి అనుమానం ఉంది.

పేరు మార్చి, ఊరు చెప్పకుండా రాస్తే ఆమెకు ఒరిగేదేమిటి? ఏమీ లేదు. ఇది కూడా నా కోసమే. అందుకే ఇది రాస్తున్నా కోపం తగ్గడం లేదు, తగ్గాలనీ లేదు. కానీ నోట్లో ఇన్నాళ్ళు అడ్డుపడి ఉన్నది ఇదిగో: ఆమె పాలల్లో నీళ్ళు లేవు. తప్పు నా రాతలో ఉంది, తెలిశాక నోరు మూసుకున్నదీ నేనే. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి నాకేమీ దక్కకూడదు.