ఓనర్ గారి నల్లపెట్టెకి ఆయుధపూజ

ఆ రోజుల్లో భయపడటమే నా ఫుల్‌టైమ్ ఉద్యోగం. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల కంపెనీకి కోడ్ రాయడం ఖాళీ దొరికినప్పుడు చేసే పని. స్టూడెంట్ వీసా నుంచి ఉద్యోగం వీసాకి మార్చమని కంపెనీ అర్జీ పెడితే, ఇంకొన్ని కాగితాలు పంపమని ఇమిగ్రేషన్ వాళ్ళ నుంచి లేఖ వచ్చింది. పంపాం. ఇక జవాబు లేదు. అప్పటినుంచి రోడ్డు మీద పోలీసు కారు కనిపిస్తే చాలు, పార్కింగ్‌లో ఆగి ఉన్న కార్లో కూడా సీట్ బెల్ట్ పెట్టుకునేవాణ్ణి. నా రూమ్మేట్ నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. వరంగల్ వాడు, అదే కంపెనీ, అదే వీసా కష్టం. దేశంలో ఉన్న రూల్సన్నీ ఫోన్‌లో దాచుకుని వేళకాని వేళ వినిపిస్తుంటాడని అందరం వాణ్ణి ‘సెక్షన్’ అని పిలిచేవాళ్ళం.

మేం పైన అద్దెకి ఉండేవాళ్ళం, కింద ఇంటి ఓనర్ గారు. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, రిటైరయ్యాడు, ఆరడుగుల పైమాటే. ఊళ్ళో తుపాకీ యజమానుల సంఘానికి కార్యదర్శి. ఆ ఏడు మా రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో, ఇంట్లో తుపాకులు పిల్లలకి అందకుండా తాళం వేసి ఉంచాలనే చట్టం గురించి పెద్ద గొడవ జరుగుతోంది. ఓనర్ గారి వరండాలో దానికి వ్యతిరేకంగా బోర్డు, కారు వెనక స్టిక్కరు, మా మెయిల్‌బాక్స్‌లో వారానికో కరపత్రం. ఒకసారి మెట్ల దగ్గర ఆపి నాకు విడమరిచి చెప్పాడు (ఆయన ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నాను, తప్పులుంటే నావి): “చూడబ్బాయ్, నావన్నీ తాళంలోనే ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఉంటున్నాయి. తాళం వేయమని లాన్సింగ్‌లో కూర్చున్నవాడు నాకు చెప్పడం ఏమిటి, అదీ నా బాధ.” నేను అవునవునన్నాను. ఆ సాయంత్రమే పెరటి కంచె దగ్గర పక్కింటాయన, ఆ చట్టం రావాల్సిందేనని, పిల్లలున్న ఇళ్ళకి అదే రక్ష అని చెబితే ఆయనకీ అవునవునన్నాను. నిజం చెప్పాలంటే నాకు తుపాకీ అంటేనే వణుకు, దాని తాళం మీద అభిప్రాయం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇంతలో దసరా వచ్చింది. అమెరికాలో దసరా ఎప్పుడొచ్చినా శనివారమే చేసుకుంటాం కదా. పక్క వీధి గుమ్మడికాయ ఆంటీ (అక్టోబరులో ఇక్కడ ప్రతి దుకాణం ముందూ గుమ్మడికాయలే, ఆవిడ ప్రతి పూజకీ రెండు కొనేది) మా ఇంట్లో ఆయుధపూజ చేయిస్తానంది. రెండు కార్లు, రెండు లాప్‌టాప్‌లు, స్క్రూడ్రైవర్ల సెట్టు, సెక్షన్ గాడి రైస్ కుక్కరు. ఓనర్ గారిని కూడా పిలవమని ఆవిడే అంది. వెళ్ళి చెప్పాను. ఏం పండగ అని అడిగాడు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, ‘ఆయుధాలకి పూజ చేసే పండగ’ అనేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “మీ మతంలో దానికో పండగే ఉందా?” అన్నాడు. అంత ఆనందం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పొద్దున నేను వంటింట్లో నిమ్మకాయలు కోస్తుంటే ఓనర్ గారు ఇస్త్రీ చొక్కాతో పైకి వచ్చాడు. గుమ్మంలో ఆంటీతో ఏదో మాట్లాడుతున్నాడు. నేను బయటికొచ్చేసరికి రైస్ కుక్కరు పక్కన పొడవాటి నల్లపెట్టె ఉంది. రెండు తాళాలు. బయట సంఘం స్టిక్కరు. ఆంటీ దాని మీద పసుపూ కుంకుమా పెట్టి, పువ్వు పెట్టి, హారతిచ్చి, “సాయంత్రం దీపం పెట్టేదాకా వీటిని ఎవ్వరూ కదిలించకూడదు. కదిలిస్తే చేసే పని దెబ్బతింటుంది,” అంది. అదే మళ్ళీ ఇంగ్లీషులోనూ చెప్పింది. ఓనర్ గారు తల వంచి దణ్ణం పెట్టి, “అయిదింటికి వచ్చి తీసుకుంటాను,” అని తాళంచెవులు జేబులో వేసుకుని లాన్సింగ్‌లో సభకి వెళ్ళిపోయాడు. ఆంటీ పులిహోర గిన్నె మాకిచ్చి ఇంటికెళ్ళింది.

తలుపు పడగానే సెక్షన్ ఫోన్ తీశాడు. “అరేయ్, వీసా మీదున్నోళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవద్దురా. ఫెడరల్ రూలు. మన దగ్గర దొరికిందనుకో, లేఖ లేదు, జవాబు లేదు, సీదా ఫ్లైటే.”

“కిందకి తీసుకెళ్ళి ఆయన తలుపు ముందు పెట్టేద్దాం,” అన్నాను.

“ముట్టుకుంటే మనదైతదిరా. పైగా ఆంటీ చెప్పింది ఇన్లేదా, కదిలిస్తే పని దెబ్బతింటదంట. మన పని ఏంది ఇప్పుడు? వీసానే కదా.”

రెండు చట్టాల మధ్య ఇరుక్కున్నాం, ఒకటి వాషింగ్టన్‌ది, ఇంకొకటి గుమ్మడికాయ ఆంటీది. హాల్లో కూర్చుంటే పెట్టె మన ఆధీనంలో ఉన్నట్టేమో అని సెక్షన్‌కి అనుమానం వచ్చింది. బయటికెళ్తే తుపాకీని గాలికొదిలేసినట్టు. చివరికి తలుపు తీసిపెట్టి, గడపకి అవతల మెట్ల మీద, జాకెట్లు వేసుకుని, ఒళ్ళో పులిహోర గిన్నెతో కూర్చున్నాం. మా ఊళ్ళో నాన్న నా ఉద్యోగం గురించి ఎంతమందికి చెప్పాడో లెక్కేసుకుంటున్నాను. ఉండబట్టలేక కంపెనీ లాయరుకి ఈమెయిల్ కొట్టాను: ‘నా స్నేహితుడి ఓనరు, ఒక పెట్టెను, మతపరమైన కారణాల వల్ల...’

రెండింటికి సెక్షన్ లాన్సింగ్ సభని ఫోన్‌లో లైవ్ పెట్టాడు, ఆయన ఎప్పుడు బయల్దేరతాడో తెలుస్తుందని. శాసనసభ భవనం మెట్ల ముందు జెండాలు, టోపీలు, గాలి హోరు. మైకు దగ్గర మా ఓనర్ గారే. “ఈ పొద్దున,” అన్నాడు ఆయన, “మా పైఇంటి ఇండియా కుర్రాళ్ళు నా పెట్టెకి బొట్టు పెట్టి పూజ చేశారు. పనిముట్టుకి మర్యాద ఇవ్వడం వాళ్ళకి ఏ ప్రభుత్వమూ నేర్పలేదు.” జనం చప్పట్లు కొట్టారు. సెక్షన్ చేతిలోంచి పులిహోర గిన్నె జారి మెట్ల మీద దొర్లుకుంటూ కింద దాకా వెళ్ళింది. మేమిద్దరం మెట్టు మెట్టుకీ వంగి పల్లీలు ఏరాం. వాడు ఏరుతూ ఏరుతూ ఆగి, “ట్రాయ్ పేరు చెప్పలేదు కదరా?” అన్నాడు.

అయిదు దాటి పది నిమిషాలకి ఆయన వచ్చాడు. మెట్ల మీద మమ్మల్ని చూసి ఆగి, “తాళంచెవి పోగొట్టుకున్నారా?” అన్నాడు. లేదన్నాం. ఆంటీ కూడా దీపం పెట్టడానికి వచ్చింది. దీపం అయ్యాక ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తాళాలు తీశాడు. మేం గోడకి అంటుకుపోయాం. లోపల స్పాంజి మధ్యలో, ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన మైక్రోమీటరు ఉంది, వెంట్రుక మందం కొలిచే చేతి పరికరం. పట్టుకునే చోట ఉక్కు అరిగి నున్నబడింది.

“ముప్పై ఆరేళ్ళు కార్ల విడిభాగాలకి అచ్చులు చేసే షాపులో పని చేశాను,” అన్నాడు. “నీకు ఏది అన్నం పెట్టిందో అది తెచ్చిపెట్టు అంది ఈవిడ. ఇది పెట్టింది. పిల్లల్ని చదివించింది, ఈ ఇల్లు కట్టింది. బయటికి మోసుకెళ్ళడానికి తాళం పడే మంచి పెట్టె నా దగ్గర ఇదొక్కటే.”

“మేము... తుపాకీ అనుకున్నాం,” అన్నాను.

ఆయన మా జాకెట్లూ, మెట్ల మీద మెతుకులూ చూశాడు. “మీరు వీసా మీద ఉన్నారని నాకు తెలియదా? కొత్త తుపాకీ కొన్నప్పుడల్లా ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది. మీ ఇంట్లో ఎందుకు పెడతాను?” పెట్టె మూత వేసి, “నా నంబరు మీ దగ్గర ఉంది కదా. ఒక్క ఫోన్ చేయాల్సింది,” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. నాకు సిగ్గేసింది. రూల్సు చదివాం, లాయరుకి రాశాం, లైవ్ చూశాం. పెద్దాయన సభలో ఉంటే ఫోన్ చేసి ‘మీ పెట్టెలో ఏముంది’ అని ఎలా అడుగుతాం అనుకున్నాం గానీ, అడగకుండా ఆయన్ని ఎలాంటి మనిషనుకున్నామో ఆ పూట మాకు తట్టనే లేదు.

(సోమవారం లాయరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది: ‘మీ స్నేహితుణ్ణి వెంటనే నాకు ఫోన్ చేయమనండి.’)

ఆ చట్టం వచ్చింది. నా వీసా కూడా వచ్చింది, దాంతోపాటే కాస్త జుట్టు పోయింది. ఓనర్ గారు ఇల్లు అమ్మి ఉత్తరాన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రతి దసరాకీ నాకు ఒక ఫోటో పంపిస్తాడు: ఆకుపచ్చ గుడ్డ మీద మైక్రోమీటరు, పక్కన నిమ్మకాయ, కుంకుమ దొరకలేదేమో, టొమాటో కెచప్‌తో బొట్టు. కింద ఎప్పుడూ ఒకటే వాక్యం: ‘సందేహం ఉంటే ఫోన్ చెయ్యి.’ ఆ మెట్ల మీద జాకెట్ వేసుకుని కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఫోన్ చేద్దామనుకుంటాను. ఆయన భోజనం వేళేమో, నిద్రపోతున్నాడేమో అనిపించి, దణ్ణం బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటాను.