పులివెందుల కొండ ఊటలో బదులు తట్టిన పురుగు

ముందుగా నా రాతకు క్షమించండి. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివాను. తర్వాత నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నాను. కలం పట్టే పని పడలేదు. ప్రొద్దుటూరులో మా పక్కింటి షాహిదా ఈ కాగితాలు ఫోటో తీసి తన బ్లాగులో పెడతానంది. ఆ కొండకు పోవాలనుకునేవాళ్ళకు దారి తెలుస్తుందని రాస్తున్నాను.

షాహిదా నీటి పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఆమె వెతికేదాన్ని స్టోన్‌ఫ్లై అంటారట. తెలుగులో పేరేమిటో నాకు తెలియదు. పారే నీళ్ళలో రాళ్ళ అడుగున ఏడాదికి పైగా బతికి, ఒకరోజు రాయెక్కి, పొట్టు విడిచి, రెక్కలతో బయటికి వస్తుంది. ఆ తర్వాత కొద్దిరోజులే బతుకు. పోయిన ఏడాది పులివెందుల అవతలి కొండ ఊటలో ఆమెకు ఆడపురుగులు దొరికాయి. జమ్మలమడుగు వైపు వాగులో ఉండే రకం లాగే ఉన్నాయి గానీ రంగు వేరు. అది కొత్త జాతి అని చెప్పాలంటే మగది కావాలి. మగదాని పొట్ట చివర కొక్కెం లాంటి భాగం ఉంటుంది, దాన్ని చూసి తేలుస్తారు. మగది లేకపోతే పేరు లేదు. ఆ ఊటకు కిందిపల్లె వాళ్ళు గోడ కట్టి పైపు వేసుకుంటున్నారు. మేం పోయేనాటికి ఇంకో ఎనిమిది రోజుల్లో నీళ్ళు పైపులోకి పోతాయన్నారు. అందుకే ఆ తొందర.

నన్నెందుకు పిలిచిందంటే, మగపురుగు పొట్టతో కాడను తట్టి ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది బదులు తడుతుంది. ఆ చప్పుడు చెవికి అందదు, కాడ పట్టుకుంటే వేలికి తెలుస్తుంది. పడుగులో ఒక్క పోగు తెగితే కంటికంటే ముందు నా వేలికి తెలిసేది. ఆ సంగతి షాహిదాకు తెలుసు.

వానలు తెరిపిచ్చిన వారం, ఉదయం ఆరు గంటల బస్సుకు ప్రొద్దుటూరులో బయలుదేరాం. జమ్మలమడుగుకు ముక్కాలు గంట, మనిషికి నలభై రూపాయల లోపే. అక్కడి నుంచి గండికోట దారిలో అరగంట ఆటోలో పోయి, వాగు దగ్గర దిగాం. తెలిసిన రకం ఎలా పిలుస్తుందో ముందు నేర్చుకోవాలి. ఒక రెల్లు కాడ మీద మగది కూర్చుని ఉంది. కాడ మొదలు రెండు వేళ్ళతో పట్టుకున్నాను. అయిదు తట్లు, ఒకే ఎడంతో. దూరంగా ఎవరో తలుపు తడుతున్నట్టు. వేలు తీసేస్తే ఏమీ లేదు, వాగు చప్పుడే. షాహిదా పట్టుకుంటే ఆమెకు తెలియలేదు. "నీకు నిజంగా తెలుస్తాందా తాతా?" అంది. తల ఊపాను.

తొమ్మిదిన్నరకు జమ్మలమడుగులో పులివెందుల బస్సు ఎక్కాం. ముద్దనూరు మీదుగా పోతుంది, రెండు గంటలు పట్టింది. పులివెందుల బస్టాండు బయట ఓబులేసు అనే ఆటో అతను రానూపోనూ ఆరు వందలకు ఒప్పుకున్నాడు.

"ఆడ ఏముండాది మామా? గుడి కూడా లేదే" అన్నాడు.

"పురుగు" అన్నాను.

"పురుగు కోసరం ప్రొద్దుటూరు నుంచి వచ్చినారా? మా మిద్దె మీదికి రాండి, కావాల్సినన్ని సూపిస్తా."

షాహిదా నవ్వి ఎక్కడికి పోవాలో వివరంగా చెప్పింది. ఊట పేరు వినగానే అతను నవ్వడం మానేశాడు. "పల్లె దాకా వస్తా. పైకి రాను. ఆడ హారన్ కూడా కొట్టం" అన్నాడు.

పల్లెకు ముక్కాలు గంట. అక్కడ నాగమ్మ అనే ఆవిడ పైపు పని వాళ్ళకు వంట చేస్తోంది. మాకూ సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది, దుడ్లు వద్దంది. ఆవిడ బిందె దించడం చూశాను. నేల మీద గుడ్డ చుట్ట వేసి, దాని మీద చప్పుడు కాకుండా దించింది. అది ఇత్తడి బిందె. ఎందుకలా అని అడిగాను.

"ఊట కాడ అలవాటప్పా. ఈడికొచ్చినా చెయ్యి మానదు. ఆడ బిందె రాతికి తగిలితే లోపల్నుంచి బదులొస్తాది. మా అత్త చెప్పేది, అది పలికినాక నువ్వు మళ్ళా కొడితే మాట ఇచ్చినట్టే, యెనకాలే ఇంటికొస్తాది అని."

"అది పురుగు అవ్వా" అంది షాహిదా. "దానికి పేరు పెట్టేదానికే వచ్చినాం. ఒక మగదాన్ని పట్టి సీసాలో వేసుకుంటే సాలు."

"పేరు పెట్టేదానికి సంపుతారా?" అంది నాగమ్మ. "మా ఊర్లో పేరు పెట్టాలంటే బిడ్డ బతికుండాల."

షాహిదా సంచి సర్దుకుంది. నేను సంగటి తిన్నాను.

ఊటకు అరగంట నడక. రెండు బండల మధ్య నుంచి నీళ్ళు వస్తాయి, మోకాటి లోతు. గోడ సగం కట్టారు. పని వాళ్ళు ఆ రోజు రాలేదు. బండల మీద వందల పొట్టులు ఉన్నాయి. కాళ్ళు, తోకలు, కళ్ళున్న చోటు, అన్నీ అలాగే ఉన్నాయి, వీపు మాత్రం చీలి ఉంది. లోపల ఏమీ లేదు. అన్నీ నీళ్ళకు వీపు పెట్టి, ఒకే వైపు ఎక్కుతూ ఆగిపోయినట్టున్నాయి. అంత మంది వెళ్ళిన దారిలో మేమిద్దరమే నిలబడ్డట్టు అనిపించింది. బతికున్న పురుగు కోసం మూడు గంటలు రాళ్ళు తిప్పాం. ఒక్క ఆడది కనిపించింది, రెల్లు కాడ మీద. మగది లేదు.

"పిలువు తాతా. ఇది బదులిస్తే, యాడన్నా మగది ఉంటే ఆ బదులు విని నడిచి వస్తాది" అంది షాహిదా.

కాడ పట్టుకుని గోటితో అయిదు తట్టాను, పొద్దున నేర్చుకున్నట్టే. బదులు లేదు. పదిసార్లు తట్టాను. ఆడది కదలలేదు. ఎండ కొండ వెనక్కి పోయింది. పక్షులు కూడా లేవు. చెయ్యి అలిసిపోయి, నాకు తెలియకుండానే మగ్గం మీది అలవాటుకు పోయింది. మూడు తట్లు, నేతలో నాడె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకునేంత ఆగడం, మళ్ళీ రెండు.

వేలి కింద రెండు తట్లు వచ్చాయి. మెత్తగా.

షాహిదాతో చెప్పాను. ఆమె పురుగు మీదికి వంగింది. "మళ్ళా తట్టు" అంది. తట్టాను. ఈసారి దాని పొట్ట రెండుసార్లు కాడకు తగలడం ఆమె కళ్ళతో చూసింది. జమ్మలమడుగు పిలుపుకు పలకనిది దీనికి పలికింది. అంటే రకం వేరే. అలా ఎన్నిసార్లు తట్టానో లెక్క లేదు. నేను తట్టడం, అది పలకడం. మనిషికి కాదు, ఇంకెవరికో ఇవ్వాల్సిన బదులు నేను తీసుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. ఆపలేదు.

చాలాసేపటికి బండ పగులులోంచి మగది బయటికి వచ్చింది. చిన్నది. ఎగరలేదు, నడిచింది. ఆగి, వింటున్నట్టు నిలబడి, మళ్ళీ నడిచింది. కాడ మొదలు చేరగానే షాహిదా దాన్ని స్పిరిట్ సీసాలోకి తోసి మూత బిగించింది. కాళ్ళు కాసేపు ఆడాయి.

అప్పుడు కాడ మీది ఆడది మళ్ళీ రెండుసార్లు తట్టింది.

"ఇంక సాలు తాతా, ఆపు" అంది.

"నేను తట్టలేదు" అన్నాను.

ఆమె నా చెయ్యి వైపు చూసింది. గోరు కాడకు తగలడం లేదు. "ఆడది తనంతట తాను తట్టదు" అంది మెల్లగా. "పిలిస్తేనే పలుకుతాది. ఇంకెవురో పిలిచినారు." ఇంకో మగది ఉందని చీకటి పడేదాకా వెతికాం. ఏ కాడ పట్టుకున్నా ఏమీ లేదు. ఆ ఆడది మాత్రం ఉండుండి పలుకుతూనే ఉంది, మాకు అందని దేనికో. దాన్ని పట్టుకోలేదు. షాహిదానే వద్దంది.

కిందికి వచ్చాక ఆటోలో సెల్‌ఫోన్ వెలుతురులో ఆమె చీటీ రాసింది. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు పట్టారు. సీసాలోని ఆ ఒక్కదాని మీదే ఈ జాతి పేరంతా నిలబడుతుందట, ఎప్పటికీ.

"పట్టింది ఎవురని రాసేది తాతా? ఇద్దరి పేర్లూ రాయనా?"

"పట్టింది నువ్వు. పిలిచింది నేను. అట్లే రాయి."

"పిలిచినోళ్ళకు దీంట్లో జాగా లేదు తాతా" అంది.

నెల దాటింది. సూక్ష్మదర్శినిలో చూసి, అది ఇంతవరకు పేరు లేని జాతే అని షాహిదా తేల్చుకుంది. పేరు అచ్చులో రావడానికి ఇంకా నెలలు పడుతుందట. ఊట నీళ్ళు పైపులోకి పోయాయి. నాగమ్మ ఇంటి ముందు కొళాయి వచ్చింది, అది మంచిదే. ఆవిడ ఆ కొండ ఎన్నేళ్ళు ఎక్కిందో నేను అడగలేదు. కానీ పేరు పుట్టేలోపు ఆ పేరు గలది ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ ఆడది ఎవరికి పలికిందో తెలిస్తే చెప్పవచ్చు. ఆ పిలుపు కొండలో ఇంకో ఊట నుంచి వచ్చినదైతే, అక్కడ ఇంకా ఉన్నట్టే. రాత్రి మంచం పట్టె మీద చెయ్యి పెట్టుకుని పడుకోవడం మానేశాను, అక్కడా తట్టు తెలుస్తుందేమోనని. అంతకంటే రాయడం నాకు చేతకాదు.

పోయేవాళ్ళకు ఒక్క మాట. పొద్దు గుంకితే పల్లె నుంచి బండ్లు దొరకవు, పులివెందులలోనే రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. ఆ కొండల్లో తిరిగే గొర్రెల కాపరులు, కట్టెలకు పోయేవాళ్ళు, మీలో ఎవరైనా సరే, నీళ్ళ పక్కన ఎండు కాడ పట్టుకున్నప్పుడు మూడు తట్లు, కొంచెం ఆగి రెండు తట్లు వేలికి తెలిస్తే, తిరిగి తట్టకండి. ఏ చోటో గుర్తు పెట్టుకుని, ఈ బ్లాగుకు ఒక ముక్క రాయండి. తప్పులున్నా ఫరవాలేదు. తొందరగా రాయండి. వాటికి ఉండేది కొద్దిరోజులే.