ఆకుల నోళ్లకు గోళ్ల రంగు

అక్కయ్యకు ఒకటే పిచ్చి: ఎక్కడ ఆకు కనబడితే అక్కడ దాని వెనక గోళ్ల రంగు పూస్తుంది. పోనీ తన గోళ్లకేమైనా పూసుకుంటుందా అంటే, అవి బంగాళాదుంపలు తవ్వి వచ్చినట్టుంటాయి. మొక్కల పరిశోధనలో పేరున్న మనిషే. సీసాలు మాయమయ్యేది మాత్రం చెల్లెలి అలమరలోంచి.

“నా సీసా ఏదక్కా?”

“మెట్ల దగ్గర క్రోటన్ వాడేసిందే.”

ఓసారి పళ్ల డాక్టరు దగ్గర చెల్లెలు నోరు తెరుచుకుని కుర్చీలో ఉంటే, అక్కయ్య కిటికీలో మొక్క ముందు మోకాళ్ల మీద ఉంది.

“ఏం చేస్తున్నారమ్మా అక్కడ?”

“మీరు ఒక్క నోరు చూసేలోపు నేను రెండొందలు చూస్తానండీ!”

రంగు ఆరాక టేపుతో పొరలా లాగి, చేతిసంచిలోని మైక్రోస్కోపు కింద పెడుతుంది. ఆ పొర మీద ఆకు నోళ్ల, అంటే కంటికి ఆనని సన్న రంధ్రాల, అచ్చు దిగుతుంది. ఆకు ఆ నోళ్లతోనే గాలి పీలుస్తుంది, వాటిలోంచే తడి వదిలి చల్లబడుతుంది. ఆకు పసిగా ఉన్నప్పుడే నోళ్లెన్నుండాలో తేల్చడంలో మొక్కలోని హార్మోన్లది పెద్ద చెయ్యి.

“ఎక్కువైతే దాహం, తక్కువైతే ఉక్క. అంతేనే మొక్క బతుకు.”

“నోళ్లు తగ్గించే హార్మోనేదో చెప్పు, నీకు కాస్త పట్టిస్తాను” అనేది చెల్లెలు.

చెల్లెలు పనిచేసే నర్సరీలో ఒకనాడు గాజుషెడ్డులో ముందు బల్లల మీది మొక్కలు మాడిపోయాయి. యజమాని నేరుగా నీళ్లు పెట్టే ఆమె మీద, నర్సరీలో అందరూ పిన్ని అని పిలిచే మనిషి మీద పడ్డాడు. “నీళ్లు ఎగ్గొట్టావు. రేపట్నుంచి రాకు.” మొక్క మాడితే నీళ్లు పెట్టిన చేతిది తప్పు, ఏపుగా పెరిగితే యజమాని తెలివి! లోకంలో ఈ తీర్పు పాతదే. పిన్ని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే. చెల్లెలు అక్కయ్యకు ఫోన్ కొట్టింది.

అక్కయ్య వచ్చి, పిన్ని చేత రంగు పూయిస్తూ ఆకు తర్వాత ఆకు చూడసాగింది. సీసా ఖాళీ అవుతోంది, యజమాని ఓపికా ఖాళీ అవుతోంది.

“ఇదేం సాక్ష్యమండీ? గోళ్ల రంగా?”

“ముందు బల్లలకి ఏదో కొట్టారు కదూ?”

“ఎదుగుదల హార్మోను మందు. త్వరగా పెరుగుతాయని కాస్త చిక్కగానే కొట్టించా. వెనక బల్లలకి చాల్లేదు.”

“ముందూ వెనకా నీళ్లు పెట్టింది ఈమే. వెనకవి పచ్చగా ఉన్నాయి. మందు పడ్డాక పుట్టిన ఆకులకే నోళ్లు కరువు. అదే మొక్క మీద పాత ఆకులకి నిండా ఉన్నాయి. ఊపిరాడకుండా, చల్లబడకుండా చేసి మాడ్చింది మీ మందు. కళ్లు పెట్టి చూడండి.”

చూశాడు. “సరే పిన్నీ, రేపు రా.”

“అదెలా సరిపోతుంది?” అంది అక్కయ్య. “అందరి ముందూ అన్నారు, అందరి ముందే తప్పు నాదనండి.”

అన్నాడు, పనివాళ్లంతా వింటుండగా.

తిరిగొస్తూ స్కూటరు మీద చెల్లెలు గొణిగింది. “మూడు ఆకులతోనే తేలిపోయిందని నీ మొహం చూస్తేనే తెలిసింది. మరి షెడ్డు మొత్తం ఎందుకు పూయించావే? అదీ పిన్ని చేత?”

“ఆమె చెయ్యి వణుకుతోందే. అలా వణుకుతూ ఆయన ముందు నిలబడితే, తప్పు చేసినట్టే కనబడుతుంది. బ్రష్షు చేతికిచ్చి, వణుకు తగ్గేదాకా ఆకులు వెతికా.”

“తగ్గిందా?”

“చివరి ఆకు దగ్గర వినలేదూ? ‘అయ్యా, వెలుతురికి అడ్డం... కాస్త అవతలికి జరగండి’ అంది. పాపం, ఆయన వెంటనే జరిగాడు!”