పుట్టింటి పుస్తె

నాకెర్క లేదు.

ఈ రెండు మాటల్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. వాటిని ఎక్కడో చాటున అనలేదు. పట్టపగలు, మా ఊరి చావిడిలో, కులమంతా కూర్చున్నప్పుడు అన్నాను. అన్నప్పుడు నా గొంతు వణకలేదు. వణికి ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో. ఒక్కరైనా మళ్లీ అడిగేవారేమో.

ఆ తరవాత నేను పత్రికకు వార్తలు రాసే పనిలో పడ్డాను. ఆ పనిలో కొన్ని మాటలు బాగా అక్కరకొస్తాయి. తెలియవచ్చింది, అంటున్నారు, జరిగినట్టు సమాచారం. ఎవరు చేశారో చెప్పకుండా ఏం జరిగిందో చెప్పేయవచ్చు. ఈ సంగతిని కూడా మనసులో చాలాసార్లు అట్లాగే రాసుకున్నాను. ఆమెకు న్యాయం జరగలేదు, అని. ఎవరు జరగనివ్వలేదు? అక్కడికి వచ్చేసరికి వాక్యం ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నాకు తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను. నా భార్యకు కూడా.

చెన్నయ్య, నేను ఆత్మకూరు దగ్గరి ఒక పల్లెలో పుట్టాం. ఒకే కులం, ఒకే వాడ. నిజాం రాజ్యం పోయిన రెండు మూడేళ్లకు బతుకుదెరువు వెతుక్కుంటూ హైదరాబాదు చేరి ఒక బట్టల సేటు దగ్గర తానులు మోసేవాళ్లం. ఆ సేటుకు బ్యాంకాకులో ఇంకో దుకాణం ఉండేది. మోసే చేతులు కావాలంటే మేమిద్దరం ఓడ ఎక్కాం. సముద్రాన్ని అంతకుముందు బొమ్మలో కూడా చూడలేదు.

అక్కడివాళ్లు మనబోటివాళ్లను 'ఖేక్' అంటారు. ఆ మాటకు చుట్టమని అర్థమట. గుమ్మం ముందు నిలబడితే పొమ్మని కసురుకునేటప్పుడు కూడా అదే మాట అనేవారు. మనింట్లో అల్లుడికి కూడా ఇంత మర్యాద ఉండదని చెన్నయ్య నవ్వేవాడు.

సేటు దగ్గర ఎక్కువ కాలం ఉండలేదు. సొంతంగా బతకాలని బయటపడి దోమతెరలు భుజాన వేసుకొని తిరిగాం. కాలువ మీద పడవల్లో కాపురముండేవాళ్లకు వాయిదాల మీద ఇచ్చాం. మళ్లీ వారం వెళ్లేసరికి ఆ ఇల్లే అక్కడ లేదు. తెరలతో సహా తేలిపోయింది. తరవాత మేకపాలు. తాగే అలవాటు అక్కడ ఎవరికీ లేదని మేకలు కొన్నాక తెలిసింది. చివరికి మాకు నిజంగా తెలిసిన వస్తువు దగ్గరికి వచ్చాం. పల్లీ. వాళ్లు ఉడకబెట్టుకు తినేవారు. మేము మా పాలమూరు పద్ధతిలో ఇసుకలో వేయించి ఒక సినిమా హాలు ముందు తోపుడుబండి పెట్టాం. ఆ వాసనకు జనం ఆగారు.

మా బండి పక్కనే ఒకామె అరటికాయ ముక్కలు నూనెలో వేయించి అమ్మేది. పేరు మాలి. వాళ్ల భాషలో మల్లె అని అర్థమని తెలిసిన రోజు నుంచి చెన్నయ్య ఆమెను మల్లమ్మ అన్నాడు. వాన పడి మా ఇసుక తడిసినప్పుడల్లా ఆమె తన పొయ్యి ఖాళీ చేసి ఇచ్చేది. తల్లీతండ్రీ లేరు. ఒక పినతల్లి పెంచింది. చెన్నయ్య ఆమెకు తెలుగు నేర్పాడు. నేర్పింది మా వాడ తెలుగు. తెలుగంటే అంతేననుకుందామె. పొద్దున్నే కనబడితే "అన్నా, తిన్నవా?" అనేది. సముద్రం అవతల, నీళ్ల మీద కట్టిన ఆ కొయ్య ఇళ్ల మధ్య ఆ మాట వింటే నాకు కళ్లు తిరిగినట్టు అయ్యేది.

పెళ్లి చేసుకుంటానన్నప్పుడు చెన్నయ్య ఒక పట్టు పట్టాడు. పద్ధతి తప్పకూడదు. మీకు తెలుసు కదా, మనలో పుస్తెలు రెండు. ఒకటి అత్తింటివాళ్లు పెడతారు, ఒకటి పుట్టింటివాళ్లు పెడతారు. రెండూ ఒకే తాడుకు ఎక్కితేనే పెండ్లి. అత్తింటి పుస్తె వాడి దగ్గర ఉంది. ఎప్పటికైనా వచ్చే కోడలి కోసమని మా ఊరి అవుసలి చేత చేయించి, వాళ్లమ్మ పోయేముందు వాడి చేతిలో పెట్టింది. రెండోది ఎవరు పెట్టాలి? ఒక్క పుస్తె కడితే ఉంచుకున్నట్టే అవుతుందని, రేపు ఊరికి పోతే తన పెండ్లానికి తలవంపులని వాడు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. నువ్వు దాని తోడబుట్టినవాడివి కావాలన్నాడు.

అయ్యాను. ఒక చీనా కంసాలి దగ్గరికి వెళ్లి నేలమీద గోటితో పుస్తె బొమ్మ గీసి చూపించాను. అతను శ్రద్ధగానే చేశాడు. కాని అక్కడి అలవాటు ప్రకారం వెనకవైపు తన దుకాణం ముద్ర కొట్టాడు. ఒక చీనా అక్షరం. మేము దాన్ని పట్టించుకోలేదు. పెళ్లి పీటల దగ్గర అక్కడి అరవల గుడి అయ్యగారు పిల్లనెవరిస్తున్నారని అడిగితే నేను ముందుకు జరిగాను. ఇత్తడి పళ్లెంలో చెన్నయ్య కాళ్లు కడిగాను. వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గోర్ల సందుల గూడ కడుగు బావా. మళ్ల నీకు గీ పున్నెం దొరకదు."

ఆ రోజు నుంచి వాడు నన్ను బావా అనే పిలిచాడు. ముగ్గురం కలిసి రెండు బల్లల చాయ్ దుకాణం పెట్టాం. మల్లమ్మ మిరపకాయ బజ్జీలకు బియ్యప్పిండి కలిపేది. రేవులో బరువులు మోసే అరవవాళ్లు, పంజాబీ కావలివాళ్లు వచ్చి తినేవారు. మేడమీద ఒకే గది. మధ్యలో గుడ్డ కట్టి అటు వాళ్లు, ఇటు నేను. అలివేలు పుట్టింది. మొదట నేర్చిన మాటల్లో మామ ఒకటి. నాకు విషజ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు మల్లమ్మ గంజి తాగించింది, గుడ్డలు ఉతికింది, చంటిపిల్లను వీపున కట్టుకొని దుకాణం నడిపింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? మరిచిపోయాను కాబట్టి అట్లా చేశానని మీరు అనుకోకూడదు. ఏదీ మరిచిపోలేదు. అన్నీ గుర్తుండే చేశాను.

మా నాయిన జబ్బుపడితే నేను ఊరికి తిరిగి వచ్చాను. ఇక్కడే పెళ్లయింది. బస్సులు ఆగేచోట చిన్న హోటలు పెట్టుకున్నాను. చెన్నయ్య సంగతి అడిగినవాళ్లకు బాగున్నాడని చెప్పేవాణ్ని. వాడి పెళ్లి సంగతి చెప్పలేదు. పిల్ల కులమేమిటని అడుగుతారు. కన్యాదానం చేసిందెవరని అడుగుతారు. వాడే వచ్చి చెప్పుకుంటాడులే అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే అబద్ధం మొదలైందా? అయి ఉంటుంది.

అరవైల మొదట్లో ఒక మధ్యాహ్నం బస్సు దిగింది మల్లమ్మ. మన చీరే కట్టుకుంది. పక్కన అలివేలు. నా హోటలు బోర్డు కింద నిలబడి నన్ను చూసి ఏడ్చింది. చెన్నయ్య వాంతులు, భేదులతో రెండు రోజుల్లో పోయాడట. మా ఊరికి పో, మా అన్న ఉన్నడు, బావ ఉన్నడు అని చెప్పి పోయాడట. దుకాణం అమ్మి ఓడ ఎక్కింది.

హోటలు నిండా జనం. అందరూ చూస్తున్నారు. చీనామె, చీనామె అంటున్నారు. ఆమెకు చాయ్ ఇచ్చాను. గోడకు బయటివైపు మేకులకు తగిలించి కొన్ని గ్లాసులు విడిగా ఉండేవి. ఎవరికోసమో మీకు చెప్పక్కర్లేదు. ఆ గ్లాసులో ఇచ్చాను. ఆమె రెండు చేతులా పట్టుకొని తాగింది. దాని అర్థం ఆమెకు తెలియదనుకున్నాను. చెన్నయ్య చెప్పి ఉండడా?

చెన్నయ్య అన్న ఆశన్న ఆమెను గడప తొక్కనివ్వలేదు. తమ్ముడి పాలుకు వచ్చిన మెట్ట చెలక, ఇంట్లో ఒక అర్ర అతని కిందే ఉన్నాయి. పెండ్లామని తేలితే అవి ఆమెకు, పిల్లకు ఇవ్వాలి. పెండ్లామవునో కాదో తేల్చడానికి కులం కూర్చునే ముందు రోజు అతను నా దగ్గరికి వచ్చాడు. బెదిరించలేదు. చాయ్ తాగాడు. దేశంకాని దేశపు దానికి పుట్టింటివాడివి నువ్వేనని ఎవరో అనుకుంటున్నారు, అది నిజమైతే నీ చేతి నీళ్లు ఎవడు తాగుతడు, నీ చెల్లెను ఎవడు చేసుకుంటడు అని మెల్లగా అడిగి, గ్లాసు కడిగి పెట్టి పోయాడు. నా సొంత చెల్లెలికి అప్పుడే సంబంధం కుదిరింది. ఇది నా సాకు. అవునో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. చెల్లెలు లేకపోయినా అదే మాట అనేవాణ్నేమోనని కొన్నిసార్లు అనిపిస్తుంది.

చావిడిలో కులపెద్ద తిమ్మప్ప కూర్చున్నాడు. మల్లమ్మ మెడలోంచి పుస్తెలతాడు తీసి ఆయన ముందు పెట్టింది. మొగుడు చచ్చాక పుస్తెలేందని ఆడవాళ్లు గొణిగారు. పాపం, సాక్ష్యమని దాచుకుంది. తీయాలని అక్కడ చెప్పేవాళ్లు లేరు. తీసే తంతు జరపాల్సిన అత్తింటివాళ్లు ఇక్కడున్నారు. తిమ్మప్ప ఒక పుస్తెను చూసి ఇది మన అవుసలి పనేనన్నాడు. రెండోదాన్ని తిప్పి చూశాడు.

"గిదేం రాత? గిది మన పుస్తె గాదు. నీ పుట్టింటి పుస్తె ఎవరు పెట్టిండ్రమ్మా?"

"మా అన్న పెట్టిండు," అని ఆమె నావైపు చూపించింది. "గాయన్నే కాళ్లు కడిగిండు. అడుగుండ్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నోట మా వాడ యాస వాళ్లకు వింతగా ఉంది. తిమ్మప్ప నవ్వలేదు.

"ఏమయ్యా. నువ్వు ఆడనే ఉంటివి. పెండ్లి చేసుకున్నడా, ఉంచుకున్నడా?"

ఆయన నిజం తెలుసుకోవాలనే నన్ను అడిగాడు. నేను అవునంటే నమ్మేవాడు. న్యాయం తప్పే మనిషి కాదు. ఆ క్షణాన చెలక, అర్ర, ఆ పిల్ల బతుకు అన్నీ నా నాలుక మీద ఉన్నాయి. చావిడిలో కూర్చున్నవాళ్లనెవ్వరినీ తప్పు పట్టలేను.

"నాకెర్క లేదు," అన్నాను.

"అన్నా," అంది మల్లమ్మ. ఆమె అరవలేదు. నేను మరిచిపోయాననుకుందేమో, గుర్తు చేస్తున్నట్టు అంది. "అన్నా, నువ్వే గద. జర యాది చేసుకో."

నేను చావిడి స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాను.

ఉంచుకున్నదానికి పాలు లేదని తీర్పు అయింది. తమ తల్లి సొమ్మని ఆశన్న ఆ తాడు తెంపి ఒక పుస్తె తీసుకున్నాడు. చీనా ముద్ర ఉన్నదాన్ని ఆమె చేతిలో పడేశాడు. ఆమె దాన్ని కొంగుకు ముడివేసుకొని పిల్ల చెయ్యి పట్టుకొని నడిచింది. అలివేలు వెనక్కి తిరిగి "మామా" అని పిలిచింది. మా ఊళ్లో అందరూ విన్నారు. ఆ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగితే నేనేమనేవాణ్ని? మళ్లీ అదే అనేవాణ్ని.

ఒక మేస్త్రీ ముఠాలో చేరి నల్లగొండ వైపు సాగర్ కట్ట పనికి పోయిందని తరవాత విన్నాను. నా హోటలు నడిచింది. చెల్లెలి పెళ్లి అయింది. ఏ నష్టమూ రాలేదు. శిక్ష పడి ఉంటే కొంత తేలికయ్యేదేమో, అదీ పడలేదు. పత్రిక పనిలో చేరిన కొత్తలో మా విలేకరులందరినీ ఆ కట్ట పని చూపించడానికి తీసుకుపోయారు. తట్టలెత్తే ఆడవాళ్ల వరస మా పక్కనుంచే పోతోంది. మా వాడ తెలుగు వినిపించింది. ఎక్కడో ఒక అక్షరం దగ్గర కొంచెం వంకర పలుకు. ఎవరినో, తిన్నవా, అని అడుగుతోంది.

తిరిగి చూడలేదు. ఆమేనో కాదో నాకు తెలియదు. చూస్తే తెలిసేది. అందుకే చూడలేదు. ఆ రోజు కట్ట ఎత్తు గురించి చక్కని వార్త రాసి పంపాను.

తరవాత కొన్నేళ్లకు రెండుసార్లు వెతికాను. అప్పటికి ముఠాలు ఎటో చెదిరిపోయాయి. అది వెతకడం అనిపించుకోదు. దొరకదని రూఢి అయ్యాకే బయలుదేరాను. తిమ్మప్ప పోయాడు. ఆశన్న పోయాడు. ఆ చెలకలో ఇప్పుడు ఎవరివో పంటలు. నేను ఇప్పుడు నిజం చెబితే ఎవరికీ ఏమీ రాదు. క్షమించమని అడగడానికి కూడా ఎదురుగా మనిషి లేదు. అడిగే మొహమూ నాకు లేదు.

అయినా తిమ్మప్ప అడిగిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. దానికి జవాబు చెప్పాల్సినవాణ్ని ఒక్కణ్నే మిగిలాను. మా ఊరి మాటలోనే చెబుతాను, ఆ రోజు చెప్పాల్సినట్టుగా.

ఉంచుకోలేదు పెద్దయ్యా. పెండ్లే చేసుకున్నడు. కాళ్లు నేనే కడిగిన. ఆ రెండో పుస్తె నేను చేయించిందే. గామె నా చెల్లె.