నేను కొరికేసిన కొలత

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టర్‌ను కాపాడదామని బయల్దేరి, దాని పరువు ఊరందరి ముందూ ఎద్దుల కాళ్ళకింద పడేసిన ఘనుణ్ణి నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. తెలివి తక్కువై చేశానని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. అది పూర్తిగా తెలివి ఎక్కువై ముంచుకొచ్చిన ఉపద్రవం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో జరిగిందిది. మాది ఆళ్ళగడ్డ పక్కన చిన్న పల్లె. కాలవ పనులు అయిపోయాక అక్కడ వాడిన సామాన్లు వేలం వేస్తుంటే, మా నాయన వెంటపడి, సతాయించి, ఉన్న ఎద్దుల్ని అమ్మించి మరీ ఒక చిన్న ట్రాక్టర్ కొనిపించాను. దానికి ముందువైపు రెండు ఇనుప చేతులు, వాటి చివర మట్టి ఎత్తే వెడల్పాటి తొట్టి. మా ఊళ్ళో దాన్ని చేట అన్నారు. మీట లాగితే చేట పైకి లేచేది, ఇంకో మీటకు బోర్లా పడేది. దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. మా నాయనకు మాత్రం పోయిన ఎద్దులు గుర్తొచ్చేవి.

"పేడ వెయ్యదు, పిలిస్తే పలకదు. దీన్ని కట్టేసుకోని ఏం చేస్తాంరా?" అనేవాడు రోజూ పొద్దున్నే, పళ్ళు తోముకుంటూ.

ఆ ఏడు జొన్న కంకులు గింజ పట్టేవేళకు, కళ్ళం చుట్టూ కంచె వేద్దామని తుమ్మకంప కొట్టించి చేని గట్టున కుప్ప పోయించాం. కంపను కళ్ళం దాకా చేర్చాలి. నేను చేట కింద దూర్చి ఎత్తాను. పది బారలు పోయేసరికి కంపంతా జారి దారిలో పడింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పడింది. నాయన గట్టు మీద కూచుని మూడుసార్లు చూశాడు. నాలుగోసారి లేచాడు.

"అవుకు నుంచి ఒగాయన ఎల్లుండి వస్తాడు. ఈ బండి ఇస్తే ఎద్దుల జత ఇస్తానంటాండాడు."

"నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇయ్యొద్దు నాయనా!"

"కాళ్ళు పట్టుకుంటే కంప కదలదు. ఎల్లుండి మధ్యాన్నానికి కంప కళ్ళం కాడ పడాల. నీ బండితో పడితే బండి ఉంటాది. పడకుంటే పోతాది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే, పెళ్ళిచూపుల్లో నన్ను వద్దన్నప్పుడు కూడా అంత బాధపడలేదు.

ఆ సాయంత్రమే ఆలోచన తట్టింది. చేట వెనక అంచుకు ఒక ఇనుప పంజా బిగిస్తే? చేటలోకి కంప రాగానే పంజా పైనుంచి వాలి బిగించి పట్టుకుంటుంది. దానికొక తాడు, తాడు కొస నా చేతిలో. లాగితే తెరుచుకుంటుంది, వదిలితే తన బరువుకు తానే మూసుకుంటుంది. ఒక్కటే జాగ్రత్త. పంజా సరిగ్గా చేట వెడల్పే ఉండాలి, అప్పుడే రెండు పక్కల అంచుల మీద ఆనుతుంది. నాలుగు వేళ్ళు తగ్గితే చేట లోపలికి పడి ఇరుక్కుంటుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసిన తర్వాతే తప్పు చేశానని మీరు దయచేసి గుర్తించాలి.

ఆ రోజుల్లో మా పల్లెల్లో కొలతకు టేపులూ గీపులూ లేవు. తలుపుకైనా, బండి ఇరుసుకైనా, ఒక జొన్నదంటును ఆ పొడవుకు కోసి కమ్మరి చేతిలో పెట్టడమే. ఎండు దంటు కోసుకోవాలని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేను తొందర మనిషిని. చేలోకి దూరి పచ్చి దంటు ఒకటి విరిచి, చేటకు ఆనించి, కొస కోసి చంకలో పెట్టుకున్నాను. అది తియ్యజొన్న.

తెల్లారగానే, అమ్మ సంగటి గెలికేలోపే, కమ్మరి కోసం నంద్యాల బస్సెక్కేశాను. శిరివెళ్ళ దాటాక టైరు పంచరయింది. డ్రైవరు దిగి టైరును చూశాడు, కండక్టరు దిగి డ్రైవరును చూశాడు. పొద్దెక్కింది. నా కడుపులో పేగులు అరుస్తున్నాయి. నేను పంజా గురించే ఆలోచిస్తున్నాను. ఆలోచించేటప్పుడు చెయ్యి ఊరికే ఉండదు, నోరు అసలే ఉండదు. దంటు కొస పంటితో చీల్చాను. తీపి నాలుకకు తగిలింది. అయ్యా, ఇంకేం చెప్పను, చెరుకు కూడా అంత బాగుండదు.

పక్క సీటు అవ్వ చూసి చూసి అడిగింది. "నాకూ ఒగ కణుపు ఇయ్యి నాయనా. పండ్లు లేవు గాని రసం పీలుస్తా."

"దానికేం భాగ్యం అవ్వా!" అని విరిచి ఇచ్చాను. దానధర్మాల్లో మా వంశం ఎప్పుడూ వెనకపడలేదు.

నంద్యాలలో దిగి కొలిమి ముందుకు పోయి, చంకలోంచి దంటు తీసి కమ్మరి మస్తాన్ భాయి చేతిలో పెట్టబోతూ చూసుకున్నాను. దంటు కురచదైపోయింది.

మస్తాన్ భాయి పెద్ద పనివాడు, చిన్న మాటకు కూడా నవ్వే మనిషి. దంటు తిప్పి చూశాడు. "ఏందప్పా, కొలతకు పంటిగాట్లు పడినాయి?"

"కొంచెం తగ్గింది భాయి. దీనికి మూడు కణుపులు కలుపు."

"కలుపుతా. ఆ మూడు కణుపులు యాడ?"

"రెండు నా కడుపులో ఉండాయి. ఒకటి శిరివెళ్ళ కాడ ఒక అవ్వ నోట్లో పోయింది."

ఆయన సుత్తి కింద పెట్టి కూచున్నాడు. తిత్తి ఊదే మనిషి కూడా ఊదడం ఆపేశాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని మస్తాన్ భాయి పెద్దమనిషిలా చెప్పాడు. "ఇంటికి పో అప్పా. సరిగ్గా కొలుచుకోని రేపు రా. ఇనుము పని, మళ్ళ సాగదీస్తే సాగదు."

"రేపు మధ్యాన్నానికి నా బండి పోతాది భాయి! నాకు అంచనా ఉంది. ఇదిగో, ఇంత!" అని రెండు చేతులూ చాపి చూపించాను.

"నీ చేతులు వణుకుతాండాయి."

"వణికినా కొలత కొలతే. నువ్వు కొట్టు."

పాపం, సాయంత్రానికి కొట్టి ఇచ్చాడు. బస్సు మీద కట్టుకుని ఇంటికి తెచ్చాను. మర్నాడు పొద్దున బోల్టులు బిగిస్తుంటే, పంజాకు చేట అంచుకు మధ్య రెండు పక్కలా సందు కనిపించింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అప్పుడే ఒప్పుకుని ఉంటే నా కథ ఇంత పొడుగయ్యేది కాదు.

అవుకాయన ఎద్దుల జతతో పొద్దున్నే దిగాడు. తెల్లటి ఎద్దులు, నున్నగా ఉన్నాయి. నాయన వాటి గంగడోలు నిమురుతూ నన్ను చూశాడు. ఊరంతా గట్టున కూచుంది. నేను దర్జాగా ట్రాక్టరెక్కి, చేటను కంపలోకి దూర్చి, తాడు వదిలాను. పంజా ధన్‌మని పడింది. ఎత్తాను. కంప లేచింది. ఒక్క రెమ్మ జారలేదు!

"రేయ్, పట్టిందిరా!" అన్నారు గట్టు మీద. మా నాయన ముఖంలో కూడా ఏదో కదిలింది. ఆ ఒక్క నిమిషం నాకు ఇప్పటికీ తియ్యగా ఉంటుంది.

సంతోషంతో, అది తెరుచుకుంటుందని కూడా చూపిద్దామని, అక్కడే చేట దించి తాడు లాగాను. రాలేదు. లేచి నిలబడి లాగాను. తాడు తెగి నేను సీటు వెనక్కి పడ్డాను. పంజా చేట లోపలికి పోయి, వంకరగా బిగుసుకుని, కంపను కరిచి పట్టుకుని కూచుంది. గడ్డపారలు పెట్టారు. నలుగురు ఎక్కి తొక్కారు. నలుగురికీ ముళ్ళు దిగాయి, పంజా మాత్రం కదల్లేదు.

"మూసుకునేదానికి చేసినావా, తెరుచుకునేదానికి చేసినావా?" అన్నాడు నాయన.

"రెండిటికీ నాయనా. ఒకటి అయింది."

అవుకాయన మెల్లగా ముందుకొచ్చాడు. "తొట్టి బోర్లా దించప్పా. నా ఎద్దులు కడతా."

కట్టారు. "హెయ్!" అన్నాడు. ఎద్దులు మెడలు వంచి ఒక్క ఊపు ఊపాయి. బోల్టులు ఫట్ ఫట్‌మని తెగాయి, పంజా కంపతో సహా ఊడివచ్చింది. వెనక ఇనుము గలగలలాడేసరికి ఎద్దులు బెదిరి పరుగు పట్టాయి. చేని గట్టు దాటి, దారి దాటి, తిన్నగా మా కళ్ళంలోకి పోయి ఆగాయి. మధ్యాహ్నం ఇంకా కాలేదు. కంప కళ్ళం కాడ పడింది.

అవుకాయన ఎద్దుల్ని విప్పుకుని, వాటి ఒళ్ళంతా తడిమి చూసుకుని, నాయనకు దండం పెట్టాడు. "అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఈ బండి నాకొద్దు. దీన్ని విడిపించేదానికి మళ్ళ ఒగ జత కొనుక్కోవాల." అని, వెనక్కి చూడకుండా తోలుకుపోయాడు.

నా ట్రాక్టర్ నాకు మిగిలింది. సంతోషంతో నవ్వాలో, సిగ్గుతో ఏడవాలో తెలియక నిలబడ్డాను. నాయన పంజాను కాలితో తిరగేసి చూశాడు.

"కొలత ఎవరు తీసినారు?"

"నేనే నాయనా."

"మరి ఎందుకు తగ్గింది?"

చెప్పేశాను. పంచరు, ఆకలి, అవ్వ, మూడు కణుపులు, అంతా. నాయన పంజాను వదిలేసి నా నోటి వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"తియ్యగుండిందా?"

"బలే ఉండింది నాయనా."

"ఏ మడిలోది?"

"దిబ్బ పక్క మడి."

"అయితే దాన్ని విత్తనానికి పెట్టు. మిగిలిన కంపంతా చేతుల్తో మొయ్యి. బండి సంగతంటావా, ఉండనీలే. ఇంగ దాన్నెవడు కొంటాడు?"

మూడు రోజులు మోశాను. నా రెండు అరచేతుల్లోంచి అమ్మ పిన్నుతో ముళ్ళు తీస్తుంటే, సూర్యుడు సాక్షిగా, ఆళ్ళగడ్డ, నంద్యాల రెండు ఊళ్ళూ సాక్షిగా ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇక నా కంఠంలో ప్రాణం ఉండగా, కడుపునిండా సంగటి తినందే ఏ కమ్మరి గుమ్మమూ తొక్కను!